మీ వంతు 450 డాలర్లు, బాధ్యత మాత్రం మొత్తం ఇంటిది

అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చి, వీసా స్టాంప్ పడి, టికెట్ కూడా తీసుకున్నాక తెలుగు విద్యార్థికి మిగిలే పెద్ద టెన్షన్ ఇల్లు. యూనివర్సిటీ సొంత గదులు తక్కువ. ఉన్నవాటిలో ఎక్కువ భాగం చాలాచోట్ల కొత్తగా డిగ్రీలో చేరినవాళ్లకే వెళ్లిపోతాయి. దాంతో క్యాంపస్ బయట వెతుక్కోవాల్సిందే. జూన్, జులై నెలల్లో వాట్సాప్ గ్రూపుల నిండా ఒకే తరహా మెసేజ్‌లు తిరుగుతుంటాయి. “2 బెడ్ 2 బాత్‌లో ఒక స్పాట్ ఖాళీ, నెలకు 450 ప్లస్ యుటిలిటీస్, క్యాంపస్‌కి పది నిమిషాలు, అందరూ తెలుగువాళ్లే.” ఇంట్లో చెప్తే అమ్మానాన్నలు కూడా “మనవాళ్లే కదా” అని స్థిమితపడతారు.

ఆ మెసేజ్‌లో అబద్ధమేమీ లేదు. కానీ అందులో ఉన్న 450 అనే అంకె చాలా లీజుల్లో ఎక్కడా కనపడదు. లీజులో ఉండేది 1,800. దాని కింద నాలుగు సంతకాలు. అద్దెను నాలుగు భాగాలు చేసుకోవడం ఆ నలుగురి మధ్య మాట, ఓనర్‌కి దాంతో సంబంధం లేదు. అమెరికాలో ఇల్లు వెతుక్కునే పిల్లలకు చెప్పాల్సిన విషయాలు చాలా ఉన్నాయి గానీ, నా దృష్టిలో అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. మిగతా చిక్కుల్లో సగం దీని నుంచే పుడతాయి.

నలుగురి సంతకం, ఒక్కొక్కరి అప్పు

నలుగురు కలిసి 1,800 డాలర్ల అపార్ట్‌మెంట్‌ని ఏడాది లీజుకు తీసుకున్నారనుకుందాం. డిసెంబర్‌లో మొదటి సెమిస్టర్ అయిపోగానే ఒకబ్బాయి, ఫీజు తక్కువని, ఇంకో రాష్ట్రంలోని యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యి వెళ్లిపోయాడు. మన విద్యార్థుల్లో ఇది మామూలే. జనవరి 1న లీజింగ్ ఆఫీసుకు (ఓనర్ తరఫున అద్దెల వ్యవహారం చూసే ఆఫీసు) అందాల్సింది 1,350 కాదు, 1,800. మిగిలిన ముగ్గురూ తలా 600 వేసుకోవాలి. “మా వంతు మేం కట్టాం, వెళ్లినవాడిని అడగండి” అంటే ఆఫీసు వినదు. 1,350 కడితే అది మొత్తం ఇంటి బాకీ కిందే లెక్క. లేట్ ఫీజు పడుతుంది, నోటీసు నలుగురి పేరునా వస్తుంది.

దీన్ని అక్కడి చట్టంలో జాయింట్ అండ్ సెవరల్ లయబిలిటీ అంటారు. అందరూ కలిసి బాధ్యులే, ఎవరికి వారు మొత్తానికీ బాధ్యులే. ఓనర్ బాకీ కోసం నలుగురి మీదా కేసు వెయ్యొచ్చు, చేతికి దొరికిన ఒక్కరి మీదే వెయ్యొచ్చు. వెళ్లిపోయిన అబ్బాయి కూడా తప్పించుకున్నట్టు కాదు. లీజులో పేరు ఉన్నంతవరకూ, తన మంచం మీద ఇంకెవరో పడుకుంటున్నా, ఆ ఇంటి బాకీలో అతనూ ఉన్నాడు. రెండేళ్ల తర్వాత ఉద్యోగం వచ్చి కారు లోన్‌కి వెళ్లినప్పుడు, ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి బాకీ కలెక్షన్స్‌కి, అంటే బాకీలు వసూలు చేసే ఏజెన్సీకి, వెళ్లిందన్న సంగతి బయటపడుతుంది. అలాంటి ఎంట్రీ క్రెడిట్ రిపోర్టులో ఏడేళ్ల వరకూ ఉండొచ్చు.

మన దగ్గర అలవాటు వేరు. హైదరాబాద్‌లో నలుగురు స్నేహితులు కలిసి ఫ్లాట్ తీసుకుంటే ఓనర్ మాట్లాడేది సాధారణంగా ఒక్కరితోనే. అగ్రిమెంట్ ఉంటే పదకొండు నెలలకు రాసుకుంటారు, చాలాసార్లు అదీ ఉండదు. మధ్యలో ఖాళీ చెయ్యాలంటే ఒకటి రెండు నెలల ముందు చెప్పి, అడ్వాన్స్‌లో సర్దుకుని, ఒక నెల అద్దె పెయింటింగ్ కింద వదులుకుని వచ్చేస్తాం. ఆ అలవాటుతోనే మన పిల్లలు అక్కడా సంతకం పెడతారు. అమెరికాలో ఏడాది లీజు అంటే పన్నెండు నెలల అద్దెకు ఇచ్చిన మాట. నెల ముందు చెప్పాను కాబట్టి వెళ్లిపోతాను అనే వీలు ఆ కాగితంలో విడిగా రాస్తే తప్ప ఉండదు.

మధ్యలో వెళ్లాల్సి వస్తే ఉన్న సరైన దారి, తన స్థానంలో ఇంకొకరిని తెచ్చి లీజు మార్పించడం. వచ్చే వ్యక్తి ఆఫీసులో అప్లికేషన్ పెట్టాలి, వాళ్లు ఆమోదించాలి, మిగతా రూమ్మేట్లందరూ సంతకాలు చెయ్యాలి, వెళ్లే వ్యక్తి పేరు రాతపూర్వకంగా తీసెయ్యాలి. ఈ చివరి కాగితం లేకుండా తాళంచెవులు అప్పజెప్పి వెళ్లిపోవడం చాలా ప్రమాదం. అతను కట్టిన డిపాజిట్ వంతును ఆఫీసు వెనక్కి ఇవ్వదు. అది లీజు ముగిసేదాకా ఇంటితోనే ఉంటుంది. వచ్చేవాళ్లు వెళ్లేవాళ్లకు ఇచ్చి సర్దుకోవాలి.

అందుకే చేరిన మొదటి వారంలోనే రూమ్మేట్లు తమ మధ్య ఒక కాగితం రాసుకోవాలని నేను గట్టిగా చెప్తాను. ఎవరి వంతు ఎంత, డిపాజిట్ ఎవరు ఎంత పెట్టారు, మధ్యలో వెళ్తే మనిషిని వెతికే పని ఎవరిది, మనిషి దొరికేదాకా అద్దె ఎవరు కడతారు, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉంది. ఒక పేజీ చాలు, నాలుగు సంతకాలు ఉంటే చాలు. ఇది ఓనర్‌ని కట్టడి చెయ్యదు. కానీ మాట తప్పినవాడిని తర్వాత అడగడానికి ఇదొక ఆధారం. స్నేహితుల మధ్య కాగితాలేంటని మొహమాటపడతారు. మొహమాటపడి రాసుకోనివాళ్లే ఏప్రిల్ కల్లా ఒకరితో ఒకరు మాట్లాడుకోని పరిస్థితికి వస్తారు.

ఈ గొడవ లేని లీజు ఇంకొకటుంది. విద్యార్థుల కోసమే కట్టిన పెద్ద కాంప్లెక్సుల్లో గదికో, మంచానికో విడిగా లీజు ఇస్తారు. నాలుగు గదుల ఫ్లాట్‌లో పక్క గది ఖాళీగా ఉన్నా మీరు కట్టాల్సింది మీ గది అద్దే. సాధారణంగా మంచం, టేబుల్, ఇంటర్నెట్ అద్దెలోనే వస్తాయి. కాకపోతే తలసరి అద్దె ఎక్కువ, పక్క గదిలోకి ఎవరొస్తారన్నది కాంప్లెక్స్ నిర్ణయిస్తుంది, గదిలో ఇద్దరు ముగ్గురు సర్దుకుంటామంటే ఒప్పుకోరు. ఎవరితో ఉండాలో తెలియని, ట్రాన్స్‌ఫర్ ఆలోచన ఉన్న విద్యార్థికి నెలకు వంద, రెండొందల డాలర్లు ఎక్కువైనా ఇదే మేలు అనిపిస్తుంది నాకు. రెండు రకాల లీజులూ పైకి ఒకేలా ఉంటాయి. “నా రూమ్మేట్ అద్దె కట్టకపోతే నేను కట్టాలా?” అని లీజింగ్ ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

హాల్‌లో స్పాట్

“హాల్‌లో స్పాట్, 300” అని వచ్చే మెసేజ్‌లు ఉంటాయి. రెండు బెడ్రూముల ఇంట్లో నలుగురి పేర్లు లీజులో ఉంటాయి, హాల్లో పరుపులు వేసుకుని ఇంకో ఇద్దరు ఉంటారు. అప్పు చేసి వచ్చిన పిల్లలు, ప్రతి డాలర్‌నీ రూపాయల్లోకి మార్చి చూసుకుంటారు. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ ఇద్దరికీ చట్టం దృష్టిలో ఏ హోదా ఉందో వాళ్లకు తెలిసుండాలి.

లీజులో పేరు లేని మనిషి ఓనర్ లెక్కలో గెస్ట్. గెస్ట్ ఎన్ని రోజులు ఉండొచ్చో లీజులోనే రాసి ఉంటుంది. కొన్నిట్లో మూడు రోజులు, కొన్నిట్లో వారం, కొన్నిట్లో రెండు వారాలు. అది దాటితే లీజును ఉల్లంఘించింది ఆ గెస్ట్ కాదు, సంతకం పెట్టిన నలుగురు. నోటీసు వాళ్లకు వస్తుంది. విషయం ముదిరి కోర్టులో ఎవిక్షన్ కేసు, అంటే ఇల్లు ఖాళీ చేయించే కేసు, పడిందంటే, తర్వాత గెలిచినా, ఆ కేసు అద్దెదారుల స్క్రీనింగ్ రిపోర్టుల్లో కొన్నేళ్లపాటు కనిపించే అవకాశం ఉంది. ఇంకో పక్క, ఆ గెస్ట్ ఇచ్చిన డబ్బుకు రసీదు ఉండదు. లీజులో ఉన్నవాళ్లు రేపు ఖాళీ చెయ్యమంటే చేతిలో చూపించడానికి ఏ కాగితమూ ఉండదు. అడ్రస్ ప్రూఫ్ కావాల్సిన ప్రతిచోటా ఇబ్బందే. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి ఇల్లు మారిన 10 రోజుల్లోపు తన అసలు అడ్రస్‌ను యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ద్వారా ప్రభుత్వ రికార్డుల్లో మార్పించాలి. హాల్లో ఉంటూ స్నేహితుడి అడ్రస్ ఇవ్వడం ఇల్లు ఒక్కదానికే పరిమితమయ్యే తప్పు కాదు, వీసాకు సంబంధించిన తప్పు అవుతుంది.

ఇంతమందే ఉండాలనే నియమం మూడు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది రాష్ట్ర చట్టం. టెక్సస్‌లో ఓనర్ అనుమతించగలిగే పెద్దల సంఖ్య బెడ్రూముల సంఖ్యకు మూడు రెట్లు. రెండోది లీజు. అది చట్టం కంటే కఠినంగా ఉండొచ్చు, చాలా కాంప్లెక్సులు బెడ్రూముకు ఇద్దరినే ఒప్పుకుంటాయి. మూడోది ఊరి నియమం. దీన్ని మనవాళ్లు అసలు ఊహించరు. కాలేజీ ఊళ్లలో బంధుత్వం లేని మనుషులు ఒక ఇంట్లో ఇంతమందికి మించి ఉండకూడదని స్థానిక ప్రభుత్వాలు నిబంధనలు పెడతాయి. బోస్టన్‌లో ఒక ఇంట్లో నలుగురికి మించి అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థులు ఉండకూడదన్న నియమం 2008 నుంచి ఉంది.

ఇలాంటి ఊరి నియమం కోర్టులో నిలబడదేమో అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఇది విద్యార్థుల ఇంటి గొడవగానే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. న్యూయార్క్ రాష్ట్రంలో లాంగ్ ఐలాండ్ మీద బెల్ టెర్ అని చిన్న గ్రామం. దగ్గర్లోని స్టోనీ బ్రూక్ యూనివర్సిటీ విద్యార్థులు ఆరుగురు అక్కడ ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. బంధుత్వం లేనివాళ్లు ఇద్దరికి మించి కలిసి ఉండకూడదని గ్రామ నిబంధన. ఇంటి ఓనర్లు, విద్యార్థుల్లో కొందరు కోర్టుకు వెళ్లారు. 1974లో సుప్రీంకోర్టు గ్రామం పక్షానే తీర్పు ఇచ్చింది. ప్రశాంతమైన కుటుంబ వాతావరణాన్ని కాపాడుకోవడం ఊరికి తగిన కారణమే అంది. జస్టిస్ థర్గుడ్ మార్షల్ మాత్రం, ఎవరితో కలిసి ఉండాలో ఎంచుకునే హక్కును ఇది దెబ్బతీస్తుందని విడిగా రాశారు. నాకు మార్షల్ మాటే న్యాయంగా అనిపిస్తుంది. కొన్ని రాష్ట్రాలు తర్వాత ఇలాంటి నియమాలను కొట్టేశాయి కూడా. కానీ చాలా ఊళ్లలో అవి ఇంకా అమల్లో ఉన్నాయి కాబట్టి, పెద్ద ఇల్లు తీసుకుని ఆరుగురు కలిసి ఉందామనుకునేవాళ్లు ముందు ఆ ఊరి నియమం కనుక్కోవాలి.

ఆదాయం లేనివాడికి ఇల్లు ఎలా ఇస్తారు

అపార్ట్‌మెంట్ అప్లికేషన్‌లో సాధారణంగా అడిగేవి రెండు. నెల ఆదాయం అద్దెకు మూడు రెట్లు ఉండాలి, క్రెడిట్ స్కోరు బాగుండాలి. న్యూయార్క్ నగరంలో లెక్క ఇంకోలా ఉంటుంది. ఏడాది ఆదాయం నెల అద్దెకు నలభై రెట్లు ఉండాలంటారు. నిన్న విమానం దిగిన విద్యార్థికి ఈ రెండూ ఉండవు. సోషల్ సెక్యూరిటీ నంబర్ కూడా ఉండదు, క్యాంపస్‌లో పని దొరికాకే దానికి అప్లై చెయ్యడం కుదురుతుంది.

విద్యార్థులు ఎక్కువగా ఉండే ఊళ్లలో ఓనర్లు దీనికి అలవాటుపడ్డారు. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), పాస్‌పోర్టు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని, రాష్ట్ర చట్టం ఒప్పుకునేచోట అదనపు డిపాజిట్ కట్టించుకుని ఇల్లు ఇస్తారు. కొన్నిచోట్ల గ్యారంటర్ కావాలంటారు. అంటే అమెరికాలో ఆదాయం ఉన్న ఒక మనిషి, మీరు కట్టకపోతే నేను కడతానని సంతకం పెట్టాలి. బాబాయో, నాన్నగారి స్నేహితుడో అక్కడ ఉంటే అడగాలనిపిస్తుంది. అడిగే ముందు ఒకటి చూసుకోండి. జాయింట్ లీజు మీద గ్యారంటీ ఇచ్చినవాళ్లు మీ ఒక్కరి వంతుకే కాదు, తమకు ముఖం కూడా తెలియని మీ ముగ్గురు రూమ్మేట్ల వంతులకూ హామీ ఇచ్చినట్టు కావచ్చు. గ్యారంటీ మీ వాటాకే పరిమితమని కాగితంలో రాయించగలిగితే రాయించాలి. అలా గ్యారంటీ ఇచ్చే కంపెనీలు కూడా ఉన్నాయి, వాటి ఫీజు ఒక్కోసారి నెల అద్దెకు దగ్గరగా ఉంటుంది, వెనక్కి రాదు.

మీరు భారతీయులని ఇల్లు నిరాకరించడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం చట్టవిరుద్ధం. ఆదాయం లేదని, క్రెడిట్ లేదని నిరాకరించడం చట్టవిరుద్ధం కాదు, ఆ నియమం అందరికీ ఒకేలా వర్తింపజేస్తే. ఇంట్లో కలిసి ఉండే రూమ్మేట్‌ను ఎంచుకోవడంలో మాత్రం చట్టం మనకు ఎక్కువ స్వేచ్ఛ ఇస్తుంది. గుడ్డు వండుతారా, మాంసం వండుతారా, రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, సిగరెట్ అలవాటుందా అని ముందే అడగడంలో తప్పులేదు, అడగకపోతేనే తర్వాత ఇబ్బంది. ఇంటిపేరు అడిగి, జిల్లా అడిగి, దాన్నిబట్టి కులం కూపీ లాగే అలవాటును మాత్రం సముద్రం దాటించి తీసుకెళ్లకండి. వేల మైళ్లు వెళ్లినా అదే ప్రశ్న ఎదురైన పిల్లవాడి బాధను తేలిగ్గా తీసుకోలేం.

అద్దె పక్కన వచ్చే అంకెలు

అప్లికేషన్ ఫీజు తలా ఇంత, అడ్మిన్ ఫీజు, పార్కింగ్, చెత్త తీసుకెళ్లే ఫీజు, పురుగుల మందు ఫీజు, ఇంటికి వచ్చే పార్సిళ్ల లాకర్ ఫీజు. వీటిలో చాలా ప్రకటనలో ఉండవు, లీజు చివరి పేజీల్లో ఉంటాయి. రాష్ట్రాన్నిబట్టి వీటికి హద్దులు మారతాయి. న్యూయార్క్‌లో అప్లికేషన్ దశలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ కింద 20 డాలర్లకు మించి తీసుకోకూడదు, టెక్సస్‌లో అలాంటి పరిమితి లేదు. బ్రోకర్ ఫీజు బోస్టన్, న్యూయార్క్‌లలో ఎన్నో ఏళ్లు విద్యార్థుల నడ్డి విరిచింది. 2025లో రెండుచోట్లా నియమం మారింది. న్యూయార్క్ నగరంలో జూన్ నుంచి, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆగస్టు 1 నుంచి, బ్రోకర్‌ని ఎవరు పెట్టుకుంటే ఫీజు వాళ్లే కట్టాలి. ఓనర్ పెట్టుకున్న బ్రోకర్ మీ దగ్గర ఫీజు అడిగితే ఇవ్వక్కర్లేదు.

“ఒక నెల ఉచితం” అనే ఆఫర్ దగ్గర కొంచెం ఆగాలి. నెలకు 1,800 చొప్పున పన్నెండు నెలల లీజులో ఒక నెల తీసేస్తే సగటున 1,650 పడుతుంది, ప్రకటనలో ఆ అంకెనే పెద్దగా వేస్తారు. మరుసటి ఏడాది పెంపును మాత్రం 1,800 మీద లెక్కేస్తారు. పైగా మధ్యలో ఖాళీ చేస్తే ఆ ఉచిత నెల అద్దె వెనక్కి కట్టాలని చాలా లీజుల్లో ఉంటుంది.

కరెంటు సంగతి ఊరినిబట్టి మారుతుంది. డాలస్, రిచర్డ్‌సన్ లాంటి చోట్ల కరెంటు అమ్మే కంపెనీని మనమే ఎంచుకోవాలి. కాస్త ఉత్తరాన ఉన్న డెంటన్‌లో ఆ ఊరి మున్సిపాలిటీదే కరెంటు. క్రెడిట్ లేని కొత్త విద్యార్థిని డిపాజిట్ అడుగుతారు, లేదంటే ప్రీపెయిడ్ ప్లాన్ తీసుకోవాలి. టెక్సస్‌లో ఆగస్టు నెల ఏసీ బిల్లు, బఫెలో, బోస్టన్ వైపు జనవరి నెల హీటింగ్ బిల్లు కొత్తవాళ్లను హడలెత్తిస్తాయి. ఉత్తరాది రాష్ట్రాల్లో హీటింగ్ అద్దెలో కలిసి ఉందా లేదా అన్నది యాభై డాలర్ల అద్దె తేడా కంటే పెద్ద విషయం. పాత ఇల్లైతే గత చలికాలం బిల్లు చూపించమని అడగండి.

అన్‌ఫర్నిష్డ్ అంటే స్టవ్, ఫ్రిజ్ ఉంటాయి, మంచం, కుర్చీ, కొన్ని ఇళ్లలో హాల్లో లైటు కూడా ఉండదు. సెమిస్టర్ చివర రోడ్డు పక్కన మంచి సామాను దొరుకుతుంది. బోస్టన్‌లో సెప్టెంబర్ 1న వేలాది లీజులు ఒకేరోజు మారతాయి, విద్యార్థులుండే ఆల్‌స్టన్ ప్రాంతంలో వీధుల నిండా వదిలేసిన ఫర్నిచరే. టేబుళ్లు, కుర్చీలు తెచ్చుకోండి. పరుపులు, సోఫాలు మాత్రం ముట్టుకోవద్దు, నల్లులు వస్తాయి. నల్లులు పడితే మందు కొట్టించే ఖర్చు మీ నెత్తినే వేసే లీజులు ఉన్నాయి.

ఇండియా నుంచే డబ్బు పంపే ముందు

మోసాలు జరిగేది ఎక్కువగా ఇక్కడే. ఎవరిదో ఇంటి ఫోటోలు, నిజమైన అడ్రస్, చుట్టుపక్కల కంటే తక్కువ అద్దె, “ఇంకో ముగ్గురు అడుగుతున్నారు, ఈరోజే డిపాజిట్ పంపితే మీకు ఆపుతాను” అనే తొందర. జెల్ (Zelle) అనే చెల్లింపు సర్వీసులోనో, బ్యాంకు వైర్‌లోనో పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. తెలుగు పేరుతో, తెలుగులో మాట్లాడుతూ మోసం చేసేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి భాషను హామీగా తీసుకోకండి.

చెక్ చేసుకోవడానికి మార్గాలున్నాయి. పెద్ద కాంప్లెక్స్ అయితే వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కే ఫోన్ చేసి, ఆ ఫ్లాట్ నిజంగా ఖాళీగా ఉందా అని అడగండి. డబ్బు వాళ్ల పోర్టల్‌లోనే కట్టండి, మనిషి ఖాతాకు కాదు. విడి ఇల్లయితే ఓనర్ పేరు కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆస్తి రికార్డుల్లో దొరుకుతుంది. టెక్సస్‌లో కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే పేరు వస్తుంది, ఎవరైనా చూడొచ్చు. లైవ్ వీడియోలో ఇల్లు చూపించమనండి, రికార్డు చేసిన వీడియో లెక్కలోకి రాదు. ఒకరి లీజులో సబ్‌లీజుకు, అంటే అద్దెకున్నవాళ్ల దగ్గర మళ్లీ అద్దెకు, వెళ్తుంటే ఓనర్ రాతపూర్వక అనుమతి చూపించమనండి. అనుమతి లేని సబ్‌లీజులో ఇచ్చిన డబ్బుకు ఓనర్ జవాబుదారీ కాదు.

వీటన్నిటికంటే మంచిది, వీలైతే దిగాక చూసి తీసుకోవడం. చాలా యూనివర్సిటీల్లో భారతీయ విద్యార్థి సంఘాలు, సీనియర్లు కొత్తగా వచ్చేవాళ్లకు కొన్ని రోజులు తాత్కాలికంగా చోటిస్తారు. ఆ రోజుల్లో నడిచి చూస్తే, పది నిమిషాలు అని రాసింది కారులో పది నిమిషాలని తెలుస్తుంది. టెక్సస్‌లో కారు లేకపోతే బస్సు రూటే ఇంటి విలువను నిర్ణయిస్తుంది. యూటీ డాలస్ (డాలస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) చుట్టుపక్కల కామెట్ క్రూజర్ బస్సు వెళ్లే దారిలోని అపార్ట్‌మెంట్లకు అంత గిరాకీ ఉండటానికి కారణం అదే. దిగాక చూసుకుందామనే సలహా బోస్టన్‌కి మాత్రం పనికిరాదు. అక్కడ సెప్టెంబర్ ఇళ్లకు చలికాలం నుంచే సంతకాలు మొదలవుతాయి.

డిపాజిట్ వెనక్కి తెచ్చుకోవడం

డిపాజిట్ గొడవలో గెలుపు ఓటమి నిర్ణయమయ్యేది ఖాళీ చేసే రోజున కాదు, చేరిన రోజున. తాళంచెవులు ఇచ్చిన వెంటనే, సూట్‌కేసులు లోపలికి తేకముందే, ప్రతి గదినీ వీడియో తియ్యండి. కార్పెట్ మరకలు, స్టవ్ లోపల, టబ్ అంచులు, కిటికీ తెరలు. ఆఫీసు ఇచ్చే ఇంటి స్థితి ఫారంలో అన్నీ రాసి కాపీ ఉంచుకోండి. కొన్ని లీజుల్లో దాన్ని 48 గంటల్లో ఇచ్చెయ్యాలి. అప్పుడు రాయనిది మీరు చేసిన నష్టంగానే లెక్కేస్తారు.

మన వంట గురించి కూడా చెప్పాలి. పోపు పొగకు స్మోక్ అలారం మోగుతుందని దానికి ప్లాస్టిక్ కవర్ కట్టేస్తుంటారు. అది ప్రాణాలతో ఆట, తనిఖీలో కనపడితే జరిమానా కూడా. వెంట్ ఫ్యాన్ వేసి, కిటికీ తెరిచి వండుకోవాలి. వంటగది తెల్ల కౌంటర్ మీద పసుపు మరక పడితే వెంటనే తుడవాలి, నెల తర్వాత ఏం వేసి తోమినా పోదు. స్టవ్ పైన హుడ్‌కి పట్టిన నూనె జిడ్డు ఏడాది చివర క్లీనింగ్ ఛార్జీగా మారుతుంది. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు డిపాజిట్ కోయకూడదు. జిడ్డు, కాలిన మచ్చలు అరుగుదల కిందకు రావు.

ఖాళీ చెయ్యాలంటే లీజు ముగింపు తేదీ వస్తే సరిపోదు, చాలాచోట్ల 60 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఎక్కువ రేటుతో నెలనెలా లీజు సాగుతుంది. కాలేజీ ఊళ్లలో ఇంకో ఇరకాటం, పాత లీజు జులై చివర్లో అయిపోయి కొత్తది ఆగస్టు మధ్యలో మొదలవడం. ఆ రెండు వారాల గురించి మే నెలలోనే ఆలోచించుకోవాలి. గడువుకు ముందే వెళ్లిపోయేవాళ్లు టెక్సస్‌లో ‘రీలెటింగ్ ఛార్జీ’ని అపార్థం చేసుకుంటారు. సాధారణంగా ఒక నెల అద్దెలో 85 శాతం దాకా ఉండే ఆ మొత్తం కడితే లీజు నుంచి బయటపడ్డామనుకుంటారు. అది కొత్త మనిషిని వెతికే ఖర్చు మాత్రమే. కొత్తవాళ్లు వచ్చేదాకా అద్దె నడుస్తూనే ఉంటుంది. అయితే టెక్సస్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ఓనర్ చేతులు ముడుచుకుని కూర్చుని మొత్తం అద్దె అడగకూడదు, ఇల్లు మళ్లీ అద్దెకిచ్చే ప్రయత్నం చెయ్యాలని చట్టం ఉంది.

డిపాజిట్ వెనక్కి ఇచ్చే గడువు న్యూయార్క్‌లో 14 రోజులు, కాలిఫోర్నియాలో 21, టెక్సస్‌లో, మసాచుసెట్స్‌లో 30. కోతలు వేస్తే దేనికెంతో వివరం రాసివ్వాలి. డిపాజిట్ ఎంత అడగొచ్చన్నదీ రాష్ట్రాన్నిబట్టే. న్యూయార్క్‌లో ఒక నెల అద్దె మించకూడదు, కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి చాలామంది ఓనర్లకు ఇదే నియమం, టెక్సస్‌లో పరిమితే లేదు. టెక్సస్‌లో ఉన్నవాళ్లు ఒక పని మర్చిపోకూడదు. కొత్త అడ్రస్‌ను రాతపూర్వకంగా ఇస్తేనే డిపాజిట్ పంపే బాధ్యత ఓనర్ మీద పడుతుంది. ఇచ్చాక కూడా దురుద్దేశంతో ఆపుకుంటే, ఆపిన మొత్తానికి మూడు రెట్లు, దాని మీద 100 డాలర్లు, లాయర్ ఖర్చులు కట్టించే అవకాశం చట్టం ఇచ్చింది. 20,000 డాలర్ల లోపు దావాలను అక్కడి జస్టిస్ కోర్టులో, అంటే చిన్న దావాలు చూసే కోర్టులో, లాయర్ లేకుండానే వెయ్యొచ్చు. లీజు చదివి పెట్టడానికి, ఇలాంటి ఉత్తరాలు రాసి పెట్టడానికి చాలా పబ్లిక్ యూనివర్సిటీల్లో విద్యార్థుల న్యాయసహాయ ఆఫీసు ఉంటుంది. దాని ఖర్చు మీరు కట్టే ఫీజుల్లోనే కలిసి ఉంటుంది కాబట్టి సంతకం పెట్టకముందే వెళ్లి కలవండి.

డిపాజిట్ చెక్కును ఆఫీసు చాలాసార్లు లీజులో ఉన్న నలుగురి పేర్లూ కలిపి ఒక్కటే రాస్తుంది. దాన్ని బ్యాంకులో వెయ్యాలంటే నలుగురి సంతకాలూ అడగొచ్చు, అప్పటికి ఒకరు ఉద్యోగానికి సియాటెల్ వెళ్లి ఉంటారు, ఒకరు ఇండియా తిరిగొచ్చి ఉంటారు. అందుకని ఖాళీ చెయ్యడానికి ముందే, డిపాజిట్ ఎవరి పేరున, ఏ అడ్రస్‌కి పంపాలో నలుగురూ కలిసి సంతకాలు చేసి ఒక ఉత్తరం లీజింగ్ ఆఫీసుకు ఇచ్చి, అందినట్టు ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి.